ఢిల్లీ పొమ్మంది, కొలంబో రమ్మంది

ఓరి మనవడా, ఆ చెవుల్లో పుల్లలు కాసేపు తీసి పక్కన పెట్టు. పాట వినాలంటే ఇప్పుడు నువ్వు బొటనవేలు కదిపితే చాలు. ఇదే రాజాంలో ఒకప్పుడు రేడియోలో సినిమా పాట వినాలంటే సముద్రం అవతలి దేశం దయ తలచాలి. నవ్వకు, నిజమే చెప్తున్నాను. మన పాట మనకి వినిపించను పొమ్మంది ఢిల్లీ. నేను వినిపిస్తాను రమ్మంది కొలంబో. ఈ రెండింటి పోటీలో ఎవడు గెలిచాడో, ఎవడు నవ్వులపాలయ్యాడో చెప్తాను, కూర్చో. బేగి తేలే కథ కాదిది. చలి కాచుకోడానికి వచ్చినవాడివి ఎలాగూ లేవలేవు.

ముందు రేడియో అంటే ఏటో తెలియాలి నీకు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ అని పెద్ద పెద్ద చెక్కపెట్టెలు. మీట తిప్పగానే పలికేవి కావు, లోపల వాల్వులు వేడెక్కాలి. ఆ సందులో ఇంటాయన ఉత్తరీయం సర్దుకునేవాడు, ఇంటావిడ కూర పొయ్యి మీంచి దించొచ్చేది. పెట్టె మీద కుట్టుపని చేసిన గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూల కూజా. కొత్త కోడలికి కూడా అంత ముస్తాబు ఉండేది కాదు. దానికి మళ్ళీ లైసెన్సు! అవునురా, రేడియో వినడానికి లైసెన్సే. ఏటా పోస్టాఫీసుకెళ్ళి పదిహేను రూపాయలు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. అప్పట్లో కూలి మనిషికి రెండు వారాల కూలి అది. కట్టనివాళ్ళు కొందరుండేవారు. తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురందితే చాలు, రేడియోని తీసుకెళ్ళి ధాన్యం గాదెలో దాచి పైన గోనె కప్పేసేవారు. ఇంటి కప్పు మీద రెండు వెదురుగడల మధ్య పది గజాల ఏరియల్ తీగ మాత్రం అలాగే ఉండేది, ఊరంతటికీ కనిపిస్తూ!

కబురు అంటే గుర్తొచ్చింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు పేలుతుంటే మన తాండ్ర పాపారాయుడు ఈ రాజాంలోనే ఉన్నాడు కదా. విషయం ఆయనకి తెలిసి, గుర్రమెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఒక రేడియో ఉండుంటే చరిత్రే మారిపోయేదని మా మేష్టారు ఒకాయన అనేవారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ టైముకి ఢిల్లీ వాళ్ళు వ్యవసాయదారుల కార్యక్రమం వేస్తూ ఉండేవారు. సరే, దారి తప్పాను, వెనక్కి వస్తున్నాను.

ఆ ఢిల్లీవాళ్ళ రేడియో, ఆకాశవాణి, మొదటినుంచీ మడి కట్టుకున్న మనిషే. తెల్లదొరల హయాంలోనే, 1940లో, హార్మోనియాన్ని రేడియోలోకి రానివ్వం అన్నారు. అది మన సంగీతానికి పనికిరాదట, గమకం పలకదట. శాస్త్రం ప్రకారం అందులో నిజం లేకపోలేదు. కానీ మన పక్క పద్యనాటకం అంటే హార్మోనియమే కదా! రాత్రంతా పెట్టె తొక్కి తొక్కి కాళ్ళు వాచిన మనుషులుండేవారు ప్రతి ఊళ్ళోనూ. వాళ్ళకి ఆకాశవాణి గుమ్మం మూసేశారు. స్వరాజ్యం వచ్చింది, దొరలు పోయారు, ఆ నిషేధం మాత్రం పోలేదు. దాన్ని సడలించేసరికి 1971 అయింది. దొర పెట్టిన తాళానికి మనవాళ్ళు పాతికేళ్ళు కాపలా కాశారన్నమాట.

ఇక 1952లో సమాచార శాఖ మంత్రిగా కేస్కర్ గారని ఒక మరాఠీ పెద్దమనిషి వచ్చారు. బాగా చదువుకున్నవాడు, శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. సినిమా పాటంటే మాత్రం వేపకాయంత చేదు. దేశంలో కుర్రాళ్ళు ఈ పాటలు విని చెడిపోతున్నారని బెంగ పెట్టుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! మొత్తం ప్రసారంలో సినిమా పాటలు పదోవంతు మించకూడదన్నారు. వేసిన ఆ కాసినీ ముందుగా వడపోసి వెయ్యమన్నారు. పాట వేసేటప్పుడు సినిమా పేరు చెప్పడం మానిపించారు, చెబితే ఉచితంగా ప్రకటన ఇచ్చినట్టు అవుతుందట. నిర్మాతలకి కోపం వచ్చింది. పేరు చెప్పకపోతే పాటలే ఇవ్వం పొండి అన్నారు. మూడు నెలలు తిరక్కుండా ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైపోయింది. క్రికెట్ వ్యాఖ్యానమన్నా ఆయనకి పడేది కాదు. పెద్ద పెద్ద విద్వాంసుల్ని కూడా కూర్చోబెట్టి పరీక్ష పెట్టి ఏ, బీ, సీ అని మార్కులు వేయించారు. కచేరీలు చేసీ చేసీ జుట్టు నెరిసినవాళ్ళకి బడిపిల్లల్లా పరీక్షలేటని గొడవ కూడా అయింది.

ఆయన్ని మరీ తిట్టకు, నేనూ తిట్టను. ఆ పట్టుదలలోంచే మనకి మంచి లలిత సంగీతం వచ్చింది. ఆయనకి ముందే, తెలుగు రేడియో మద్రాసులో ఉన్నప్పుడే, సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి రేడియోలో లలిత గీతాలు పాడి దారి వేశారు. మన సాలూరాయనే లే, తెలియదేటి? తరవాత విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఉండగా వేకువజామున భక్తిరంజని వస్తుంటే, వాకిట్లో కళ్ళాపి చల్లే ఆడవాళ్ళు కూడా చెంబు పట్టుకుని ఆగిపోయేవారు. అది కాదనలేం. కానీ పొద్దున్న పులిహోర పెట్టావని రాత్రికి పకోడీ వద్దంటే ఊరుకుంటారా జనం?

ఇక కొలంబో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో ఉన్న తమ సైనికుల కోసం తెల్లవాళ్ళు సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టారు. యుద్ధం అయిపోయింది, అది ఆ దేశానికి మిగిలింది. 1950 సెప్టెంబరులో రేడియో సిలోన్ వాళ్ళు వ్యాపార విభాగం మొదలెట్టారు. ఇక్కడ ఢిల్లీ తలుపు మూసేసరికి అక్కడ కిటికీ తెరిచే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువంటారు, ఇక్కడ మన ఇంటి కూరే పొరుగింటికెళ్ళి రుచెక్కి వచ్చింది.

బినాకా గీతమాల పేరు విన్నావా? 1952 డిసెంబరులో మొదలైంది, పళ్ళపొడి... కాదు కాదు, పళ్ళపేస్టు కంపెనీ వాళ్ళది. బొంబాయిలో అమీన్ సయానీ అనే కుర్రాడు మాట్లాడేవాడు, వారానికి పాతిక రూపాయల జీతం. బొంబాయిలోనే రికార్డు చేసేవారు. ఆ టేపుల్ని విమానంలో కొలంబో పంపేవారు. అక్కడినుంచి ప్రసారమైతే బొంబాయివాళ్ళు బొంబాయిలో కూర్చుని వినేవారు. ఇంట్లో అమ్మ వండింది తినడానికి ఊరు చుట్టి వచ్చినట్టు! మొదటి వారమే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయట, ఏడాది తిరిగేసరికి వారానికి అరవై అయిదు వేలు. హిందీ ముక్క రానివాళ్ళు కూడా మన మెయిన్ రోడ్డు మీద కాఫీ హోటల్లో బుధవారం రాత్రి గుమిగూడేవారు. అణా ఇచ్చి ఒక్క కాఫీ తాగి గంట కూర్చునేవారు. హోటలాయన తక్కువవాడా? గ్లాసులు ఖాళీ అయ్యాయని చూస్తే మీట తిప్పేసేవాడు. ఇంకో కాఫీ చెప్తే గానీ అమీన్ సయానీ మళ్ళీ నోరు విప్పేవాడు కాదు.

ఇందులో నాకు బాగా నవ్వొచ్చేది ఒకటుంది. విజయనగరం అమ్మాయి సుశీల మద్రాసు రేడియోలో పాడుతుండేది. కొత్త గొంతు కోసం వెతుకుతున్న పెండ్యాల నాగేశ్వరరావు గారు ఆ రేడియో గాయనుల్లోంచే ఆమెని ఎంచుకుని 1953లో వచ్చిన కన్నతల్లి సినిమాలో పాడించారు. అంటే రేడియో ఇచ్చిన గొంతునే, సినిమాలో పాడిందని రేడియో వద్దంది! మన విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల పాటదీ అదే గతి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదే మరి.

ఆ ఏడే, 1953లో, పక్కింటి అమ్మాయి అని సినిమా వచ్చింది. చిత్తజల్లు పుల్లయ్య గారు తీశారు, ఒక బెంగాలీ సినిమా ఆధారంగా. మన ఊరికి ఎప్పటికో డేరా టాకీసులో వచ్చింది. నేల టికెట్టు మూడణాలు. మనం తెచ్చుకున్న ఇసక మనం పోగు చేసుకుని దాని మీద కూకోడమే, ముందున్నవాడి పోగు ఎత్తయితే కొట్లాటే. రీలు మార్చినప్పుడల్లా వేరుశనక్కాయలమ్మేవాడు లోపలికి వచ్చేవాడు. ఆడవాళ్ళవైపు అడ్డంగా తెర. కథేటంటే, హీరో రేలంగి. పాట రాదు. పక్కింటి అమ్మాయి అంజలీదేవికి సంగీతమంటే పిచ్చి. ఆమెకి పాట నేర్పే పంతులుతో వీడికి పోటీ. ఏం చేస్తాడు? చాటునుంచి స్నేహితుడు పాడుతుంటే వీడు కిటికీలో నిలబడి పెదాలు కదుపుతాడు. ఆ స్నేహితుడు వేషం వేసినవాడు గాయకుడు ఏ.ఎం. రాజాయే. చాటునుంచి పాడే మనిషిని ఒక్కసారైనా తెర మీదకి తెచ్చి మొహం చూపించిన సినిమా అది. అందుకే నాకిష్టం. పంతులు ఓడిపోతుంటే డేరాలో ఈలలు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన హార్మోనియాన్నే తిట్టుకోవాలి కాబోలనుకున్నాను అప్పుడు.

తరవాత ఎప్పుడో చదువుకునేటప్పుడు తెలిసింది, అమెరికావాళ్ళు 1937లోనే ఇలాంటి తమాషా ఒకటి తీశారు. వేక్ అప్ అండ్ లివ్ అని, రేడియోల పోటీ మీద. అక్కడ వాల్టర్ విన్చెల్ అని ఒక కబుర్ల రాయుడు, బెన్ బెర్నీ అని ఒక బ్యాండు మేళం నాయకుడు ఉండేవారు. రేడియోలో ఒకర్నొకరు దెప్పుకునేవారు. జనం నిజం కొట్లాటే అనుకుని రెండు కార్యక్రమాలూ వినేవారు. అసలు వాళ్ళిద్దరూ స్నేహితులే, అదంతా నాటకం. ఆ సినిమాలో వాళ్ళ వేషాలు వాళ్ళే వేశారు. హీరోకి మైకు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఉత్త మైకే కదా అనుకుని ఒకనాడు పాడతాడు, అది తీరా దేశమంతా వినిపిస్తుంది. ఎవడీ గాయకుడని వెతుకులాట. ఇక చూడు: ఆ హీరో జాక్ హేలీకి నిజంగా పాట పాడింది బడ్డీ క్లార్క్ అనే ఇంకొకాయన. ఆయన పేరు తెర మీద వెయ్యలేదు! దాగున్న గొంతు గురించి సినిమా తీసి, ఆ గొంతునే దాచేశారు. మన పుల్లయ్య గారే నయం.

ఢిల్లీవాళ్ళకి తెలివి రావడానికి అయిదేళ్ళు పట్టింది. శ్రోతలందరూ కొలంబో వైపు ముల్లు తిప్పేశాక, 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలెట్టారు. మంత్రి గారు అదే మంత్రి గారు! వద్దన్న చేత్తోనే వడ్డించారు. అదే ఏడు ఏప్రిల్లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. కాఫీ అణానా, ఆరు నయా పైసలా అని హోటలాయనతో నెలల తరబడి గొడవ. పదేళ్ళకి, 1967లో, వివిధ భారతి కూడా ప్రకటనలు వేసుకోవడం మొదలెట్టింది. విశాఖ కేంద్రం 1963లో వచ్చాక మనకి దగ్గర్లోనే ఓ గొంతు దొరికింది. ఆదివారం సంక్షిప్త శబ్ద చిత్రం వస్తే వీధిలో మనిషి కనపడేవాడు కాదు. బొమ్మ లేని సినిమాని గంటసేపు విని, ఏడవాల్సిన చోట ఏడ్చి లేచేవాళ్ళం.

అయినా సిలోన్‌ని జనం వెంటనే ఒగ్గేయలేదు. అక్కడ తెలుగు పాటలకీ కొంత సమయం ఇచ్చారు, మీనాక్షి పొన్నుదురై అనే ఆవిడ చదివేవారు. తమిళావిడ, తెలుగు ముద్దుముద్దుగా పలికేవారు. పాట కోరుతూ ఉత్తరం రాస్తే మన పేరూ ఊరూ చదువుతారు. ఇక చూస్కో! పాట ఎవడిక్కావాలి, పేరు కావాలి. మా వీధిలో ఒకాయన ఇంటిల్లిపాది పేర్లూ రాశాక చోటు మిగిలిందని గేదె పేరు కూడా చేర్చాడు. ఎదురింటాయన ఊరుకుంటాడా, ఆయనా రాశాడు. నెలలు గడిచాయి. ఒకనాడు రానే వచ్చింది, ‘రాజాం నుంచి...’ అని. అంతే, షార్ట్‌వేవ్ కదా, గొంతు గాల్లో తేలిపోయి బుస్సుమంది. మళ్ళీ వినపడేసరికి పాట మొదలైపోయింది.

తన పేరే చదివారని ఈయన, కాదు తనదేనని ఎదురింటాయన. ఆ పంచాయితీ హోటలుకెళ్ళింది, పోస్టుమాన్ దగ్గరికెళ్ళింది, చివరికి రెండిళ్ళ మధ్య పిల్లనిచ్చే మాట కూడా ఆగిపోయింది. వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. వాళ్ళ కొడుకులు ఇక్కడే ఉన్నారు. కావాలంటే వెళ్ళి అడుగు, ఎవరి తండ్రి పేరు సిలోన్‌లో వచ్చిందో ఎవరికి వారు చెప్తారు. ఇద్దర్నీ ఒకచోట మాత్రం అడక్కురోయ్, విడదియ్యడానికి నాకు ఓపిక లేదు.