విద్యార్థి రోబోటిక్స్ ప్రాంతీయ పోటీలు

పాఠశాల, కళాశాల జట్లు తయారుచేసిన రోబోలను నిర్ణీత బల్లపై పరీక్షించి, జాతీయ దశకు ఎంపిక చేసే పోటీల వ్యవస్థ ఇది. దీనికి ప్రధాన నమూనా 2004లో సింగపూర్‌లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్. భారత్‌లో దీన్ని ఇండియా స్టెమ్ ఫౌండేషన్ నిర్వహిస్తుంది; 2016 అంతర్జాతీయ ఫైనల్ దిల్లీ పరిసరాల్లోనే జరిగింది.

వేదిక ఎంపికలో కొలతలదే పెత్తనం. ఈ ఒలింపియాడ్‌లోని రోబోమిషన్ విభాగంలో ఆటబల్ల లోపలి కొలతలు 2362 × 1143 మి.మీ. ఆరంభంలో రోబో పొడవు, వెడల్పు, ఎత్తు 250 మి.మీ. చొప్పున దాటకూడదు. జట్టుకు ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఒక కోచ్. తనిఖీ వేళ రోబోలన్నీ ఒకేచోట ఉంచాలి. అప్పుడు చేయి పెట్టడం నిషేధం. చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు విడిగా స్థలం ఉంటేనే ఈ నియమం నిలుస్తుంది.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలకు గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లు, నగర కేంద్ర గ్రంథాలయం వల్లే పేరు. కిక్కిరిసిన కోచింగ్ గదుల్లో ఇలాంటి బల్లలు పట్టడం కష్టం. పక్కనే నారాయణగూడలో 2007లో ఏర్పడిన కేశవ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి ప్రాంగణాలు ఇందుకు అనువైనవి.

పాఠశాలల్లో సాధన స్థలాలుగా 2016లో నీతి ఆయోగ్ పథకం కింద మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు లభిస్తుంది.