నరసింహ శతకం: దైవసాన్నిధ్యానికి శీలమే మార్గం

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు గోదావరి సరిహద్దు. ఆ నది కుడి ఒడ్డున ఉన్న ధర్మపురి 2016 నుంచి జగిత్యాల జిల్లాలో భాగం. ఆ క్షేత్రంలోని నరసింహస్వామిని సంబోధిస్తూ శేషప్ప కవి సీసపద్యాలలో నరసింహ శతకం రచించాడు. ఆయన సుమారు 1800 ప్రాంతపు వాడని పలువురి అభిప్రాయం. ఈ శతకాన్ని సాధారణంగా నామస్మరణ ప్రధానమైన రచనగా పరిగణిస్తారు. దైవానికి చేరువయ్యే మార్గం నడవడిలో ఉందన్న ఆలోచన కూడా ఇందులో బలంగా ఉంది.

ఒక పద్యంలో కవి చేయవలసిన పుణ్యకార్యాలకు బదులు మానవలసిన పనులను లెక్కిస్తాడు. హరిభక్తులను దూషించనివాడు గ్రంథాలన్నీ పఠించినవాడితో సమానుడు. ఒకరికి అందే భిక్షకు అడ్డుపడకపోవడమే దానం. మంచివారిని మోసగించకపోవడమే సత్కారం. దేవుని అగ్రహారాలను లాక్కోనివాడు బంగారు స్తంభాల ఆలయం నిర్మించినట్లే. పరుల వర్షాశనాన్ని హరించనివాడు సత్రం నెలకొల్పినట్లే.

చివరి రెండు అంశాలు చారిత్రకంగా గమనార్హం. అగ్రహారం, ఏటేటా అందే వర్షాశనం ఆనాటి ఆలయాలకు, పండితులకు జీవనాధారాలు. వాటిని రద్దుచేసే శక్తి సామాన్యుడికి ఉండదు. కనుక ఈ హెచ్చరిక అధికారం గలవారికే ఎక్కువగా వర్తిస్తుంది. పూర్వపు దానశాసనాలు తరచు దత్తాపహరణాన్ని మహాపాపంగా నిందిస్తూ ముగుస్తాయి. దానం చేయడం కంటే పరుల దానాన్ని కాపాడడమే శ్రేష్ఠమని చెప్పేవీ ఉన్నాయి. శేషప్ప పద్యంలో ఆ శాసనధర్మం మాటతీరుకు, నిత్యవ్యవహారానికి కూడా విస్తరించింది.

ఇటువంటి ఆలోచన యూదు మతంలోనూ కనిపిస్తుంది. దేవుని గుడారంలో నివసించదగినవాడెవడన్న ప్రశ్నతో 15వ కీర్తన మొదలవుతుంది. సమాధానంలో బలుల ప్రస్తావన లేదు. సత్యం పలికేవాడు, కొండెములు చెప్పనివాడు, నష్టం కలిగినా మాట తప్పనివాడు, వడ్డీ, లంచం తీసుకోనివాడు అందుకు అర్హుడు. మోషేకు అందిన 613 ఆజ్ఞలను దావీదు ఈ కీర్తనలోని 11 గుణాలలో నిలిపాడని తాల్ముద్‌లోని మక్కోత్ భాగం వివరిస్తుంది. ఈ పోలికకు పరస్పర ప్రభావం కారణం కాదు. పూజాదానాలు అన్యాయాన్ని కప్పిపుచ్చలేవన్న ఎరుక రెండుచోట్లా స్వతంత్రంగా రూపుదిద్దుకుంది.

అయితే సచ్ఛీలానికి లోకంలో ప్రతిఫలం దక్కుతుందని శేషప్ప నమ్మించడు. సత్యవంతుల పలుకు జనానికి కంటగింపయిందని, ధర్మం పలికేవారు పేదరికం పాలయ్యారని, దుర్మార్గులు వర్ధిల్లుతున్నారని మరొక పద్యంలో వాపోతాడు. తమవంటి నిరుపేదలకు ఇక స్వామియే అండ అని ఆ పద్యాన్ని ముగిస్తాడు. శీలాన్ని వదులుకుంటే లోకం ఆదరిస్తుందని తెలిసీ వదులుకోనివారికి మిగిలే ఆశ్రయంగా దైవం ఈ శతకంలో దర్శనమిస్తుంది.