మందు పడనప్పుడు: పేగు పూత వైద్యంలో చర్మం నేర్పిన పాఠాలు

మందు మొదలుపెట్టిన కొన్నాళ్లకు పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేస్తే, మా బాన్సువాడ ప్రాంతంలో "మందు పడలేదు, వేడి చేసింది" అని ఆపివేయడం పరిపాటి. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వంటి దీర్ఘకాలిక పేగు వ్యాధులలో అలా ఆపి ఊరుకొంటే నెత్తురు విరేచనాలు తిరగబెట్టి, రక్తం తగ్గి, బిడ్డ ఎదుగుదలే కుంటుపడవచ్చు. అలాగని దద్దురును ఉపేక్షించరాదు. ఈ వైద్యచరిత్రలో దారి చూపిన వాటిలో అదీ ఒకటి.

స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్స్ కీళ్లవాతం కోసం సల్ఫా మందును సాలిసిలేట్‌తో జోడింపజేయగా సల్ఫాసలజిన్ పుట్టింది. అది పేగు పూతకు పనిచేస్తుందని ఆమె 1942లో ప్రకటించారు. అయితే కొందరికి దద్దుర్లు, జ్వరం, తలనొప్పి వచ్చేవి. ఈ జంటలో నయం చేసేది ఏది, బాధించేది ఏది? 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్, ట్రూలవ్ బృందం రెండు భాగాలనూ విడివిడిగా ఎనీమా రూపంలో రోగులకు ఇచ్చి పరీక్షించింది. మేలు చేసేది సాలిసిలేట్ భాగమని తేలింది. దానిని పెద్దపేగు వరకు మోసుకుపోవడమే సల్ఫా పని; దద్దుర్లకు చాలావరకు కారణమూ అదే. సల్ఫా లేని మెసలమిన్ ఆ తరువాత వాడుకలోకి వచ్చింది. సల్ఫా పడని పిల్లలలో అనేకులు దీనిని తట్టుకొంటారు.

రెండవ పాఠం ఇన్‌ఫ్లిక్సిమాబ్ నేర్పింది. అమెరికాలో దీనికి క్రోన్స్ వ్యాధిలో 1998లో పెద్దలకు, 2006లో పిల్లలకు అనుమతి లభించింది. సోరియాసిస్‌ను సైతం తగ్గించే ఈ మందు, విచిత్రంగా కొందరిలో తలమీద, అరచేతుల్లో, అరికాళ్లలో సోరియాసిస్‌నే పుట్టిస్తుంది. చాలామందికి పైపూతలతో సరిపోతుంది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ కొనసాగుతుంది. కొందరికి మెథోట్రెక్సేట్ జతచేస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనల నుండి వచ్చిన ఔషధమది. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. మొదట రక్తక్యాన్సర్‌కు వాడిన ఈ మందు తరువాత సోరియాసిస్‌కు, క్రోన్స్‌కు కూడా ఉపయోగపడింది. అప్పటికీ చర్మం కుదుటపడకపోతే, రెండు వ్యాధులలోనూ పనిచేసే ఉస్టెకినుమాబ్ వంటి వాటికి మార్చడాన్ని నిపుణులు పరిశీలిస్తారు.

కనుక తల్లిదండ్రులు గ్రహించవలసింది ఇది: మందు మార్చడం వేరు, వైద్యం మానడం వేరు. దద్దురు కనిపించగానే ఫొటో తీసి, ఏ మందు ఏనాడు మొదలైందో వ్రాసిపెట్టుకొని, వైద్యుని సంప్రదించండి. జ్వరం, నోటిపూత, కళ్ల ఎరుపు, ముఖం వాపు, చర్మం బొబ్బలెక్కి ఊడడం ఉంటే మాత్రం అనుమానిత మందు తదుపరి మోతాదు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పడని మందు పేరు బిడ్డ వైద్య పుస్తకం మొదటి పుటలోనే ఉండాలి.