మైనపు ముక్కు నుండి అచ్చు దవడ దాకా

1794 అక్టోబరులో లండన్ నుండి వెలువడే ‘జెంటిల్మన్స్ మ్యాగజీన్’ పత్రికలో ఒక లేఖ అచ్చయింది. అందులోని కథానాయకుడు రాజూ కాడు, సేనానీ కాడు. ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలిన కావస్‌జీ అనే మరాఠా రైతుబిడ్డ. 1792 నాటి యుద్ధంలో టిప్పు సైన్యానికి బందీ కాగా, అతని ముక్కునూ ఒక చేతినీ నరికివేశారు. సుమారు ఏడాది తర్వాత పూనా దగ్గర, యిటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు నిర్మించాడు.

ఎట్లా నిర్మించాడు? పల్చని మైనపు రేకును ముక్కు మోడుపై అమర్చి ఆకారం తీర్చాడు. దాన్ని చదునుచేసి నుదుటిపై పరచి, చుట్టూ గీత గీసి, ఆ మేరకు చర్మాన్ని వొలిచాడు. కనుబొమల నడుమ కొంత తెగకుండా వుంచి, మిగతాదాన్ని కిందికి తిప్పి అతికించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత యీ కొలతకు ఆకును వాడమన్నది. కత్తి పట్టే ముందు నమూనా తయారు కావాలన్న సూత్రం అంత పాతది.

లండన్ వైద్యుడు జోసెఫ్ కార్ప్యూ 1814లో యీ పద్ధతిని అనుసరించి, 1816లో దానిపై గ్రంథం ప్రకటించాడు. కార్ప్యూ పేరు వైద్య చరిత్రలో నిలిచింది. ఆ పనివాని కులాన్ని లేఖ చెప్పింది గాని, పేరు చెప్పలేదు. శ్రమ ఒకరిది, కీర్తి మరొకరిది కావడం వర్గ సమాజంలో కొత్త సంగతి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో వేలాది సైనికుల ముఖాలు ఛిద్రమయ్యాయి. 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో తెరిచిన ఆసుపత్రిలో హెరాల్డ్ గిలీస్ బృందం 5,000 మందికి పైగా సైనికులకు చికిత్స చేసింది. దంతవైద్యులు, చిత్రకారులు, శిల్పులు ఆ పనిలో పాలుపంచుకున్నారు. ముఖాలకు ప్లాస్టర్ అచ్చులు తీశారు. మానవుని ముఖాన్ని ధ్వంసం చేసిన సామ్రాజ్యవాద వ్యవస్థే దాన్ని అతికే విద్యనూ పెంచవలసివచ్చింది.

ప్లాస్టర్ పైరూపాన్నే పట్టగలదు. లోపలి ఎముకను చూపే సి.టి. స్కాన్‌ను 1971లో లండన్‌లో తొలి రోగికి తీశారు. ద్రవరూపంలోని రెసిన్‌ను వెలుగుతో పొరపొరగా గట్టిపరచే యంత్రానికి 1984లో చార్లెస్ హల్ పేటెంటు కోరాడు. యీ రెండూ కలిసేసరికి రోగి దవడ ప్రతిరూపం వైద్యుని బల్లమీదికి వచ్చింది. కాన్సరు సోకిన దవడను తీసి కాలి సన్నయెముకను అమర్చేటప్పుడు, టైటానియం పట్టీని ముందుగానే ఆ నమూనాపై వంచి సిద్ధం చేసుకోవచ్చు. రోగి మత్తులో గడిపే సమయం తగ్గుతుంది.

తర్వాతి మెట్టు మిశ్రమ వాస్తవం. 1994లో మిల్‌గ్రామ్, కిషినో అనే పరిశోధకులు నిర్వచించిన భావన యిది. సర్జను ధరించిన కళ్ళద్దాల్లో స్కాన్ బొమ్మ రోగి ముఖం మీదనే తేలి కనబడుతుంది. అయితే దవడ కదులుతుంది, మెత్తని కండ రూపు మారుతుంది. బొమ్మ కాస్త పక్కకు జరిగినా కత్తి దారి తప్పుతుంది. కాబట్టి చేతికందే నమూనా, అనుభవం గల చెయ్యి యింకా అవసరమే.

యంత్రాన్ని చూసి మురిసిపోయేవారున్నారు, పెట్టుబడిదారుల ఆటబొమ్మ అని కొట్టిపారేసేవారూ వున్నారు. యిద్దరూ అసలు ప్రశ్నను వదిలేస్తున్నారు: యంత్రం ఎవరి చేతిలో వున్నది? కరిగిన ప్లాస్టిక్‌తో అచ్చుపోసే పద్ధతిపై వున్న ముఖ్యమైన పేటెంటు 2009లో ముగిసిన తర్వాతనే ఆ రకం యంత్రాలు చౌకయ్యాయి. మైక్రోసాఫ్ట్ 2016లో విడుదల చేసిన హోలోలెన్స్ కళ్ళద్దాలు ఎన్నో శస్త్రచికిత్స ప్రయోగాలకు ఆధారమయ్యాయి. 2024లో ఆ కంపెనీ వాటి తయారీని నిలిపివేసింది. ఆ నిర్ణయం ఆసుపత్రిలో జరిగింది కాదు.

మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ తాగే శ్రామిక స్త్రీల అంగిట్లో కాన్సరు పుట్టడాన్ని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. వారి నోళ్ళను తొలిదశలోనే పరీక్షించడానికి యీ యంత్రాలేవీ అక్కర్లేదు. దీపం, చూసే కన్ను, ఊరికి వచ్చే వైద్యుడు చాలు. అది దాటిపోయినవారికి ప్రభుత్వాసుపత్రిలోనే అచ్చు దవడ దొరకాలి. పూనా పనివాని మైనపు రేకు ఎడ్లు తోలేవాని ముఖం కోసం పుట్టింది. దాని వారసత్వం కూడా అటువంటివారికే చెందాలి.