కుండలల్ల పాట

మంట కాడికి జరుగు బిడ్డా. పత్తి కట్టె ఎంత జల్ది అంటుకుంటదో అంత జల్ది ఆరుతది, ఇంకో రెండు ఎగదొయ్యి. ఆ కారు సెట్టు ఇటు తే, సూద్దాం. ప్లగ్గు జోలికి మాత్రం ఇప్పుడే పోకు.

1988ల ముచ్చట ఇది. గప్పుడు నిర్మల్ జిల్లా ఏడిది, మా భైంసా అంటే ఆదిలాబాద్ జిల్లానే. మా అన్న అంబాసిడర్ టాక్సీ నడిపేటోడు. బాసరకు, నిజామాబాదుకు, అప్పుడప్పుడు నాందేడుకు. బండి అమ్మినడు గని టేపు సెట్టు ఇడువబుద్ధి గాలె, ఊడబీక్కొని ఇంటికి తెచ్చిండు. అమ్మకు కండ్లు మసక, ఇంట్ల ఆమెకు పాట ఇనిపియ్యాలెనని ఆయన పట్టు.

సెట్టు ఎనుక సూస్తే స్పీకర్ల తీగెలు పోను కరెంటుది ఎర్ర తీగె ఒక్కటే. రెండోది ఏది? తెగిపోయిందనుకొని రాత్రంతా ఎతికినం. తెల్లారి రేడియోలు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి పోతే, ఆయన సెట్టు ఇనుప డబ్బా మీద వేలు పెట్టి "ఇదే మీ రెండో తీగె" అన్నడు. కారుల బ్యాటరీ మైనస్ బండి ఇనుముకే కట్టి ఉంటదట. సెట్టును ఆ ఇనుముకు బిగించంగనే సగం కనెక్షన్ అయిపోయినట్టే. బండి ఒళ్లంత ఒక తీగె! ఎన్నిసార్లు అండ్ల కూసోని తిరిగిన, ఒక్కనాడు తోచలె నాకు.

ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతది. సెట్టుకు కావలసింది 12, అదీ ఒక్క దిక్కే పారాలె. ముందుగాల రేడియోకు సెల్లుల బదులు పెట్టే ఎలిమినేటర్ తగిలిచ్చినం. లైటు ఎలిగింది, పాట మొదలైంది. డప్పు దెబ్బ పడంగనే లైటు మసకబారి టేపు ఈడ్చుకుంట సాగింది. అది ఇచ్చేది అర ఆంపియర్, గట్టిగ పెడితే సెట్టు గుంజేది మూడు నాలుగు. దూపగొన్న ఎడ్లకు చెంబుతోని నీళ్లు తాపినట్టే.

ఇగ బ్యాటరీ. ఆ రోజులల్ల ఆయితారం పొద్దుగాల టీవీల రామాయణం వచ్చేది. కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ మోసుకొచ్చి చిన్న టీవీకి తగిలిచ్చేటోళ్లు. పాటకూ గట్లనే పెట్టినం, మంచిగ మోగింది. గని నాలుగొద్దులకోసారి చార్జింగుకు మొయ్యాలె. పైంగ ఓనాడు తేజాబ్ చుక్కలు పడి అమ్మ బొంతకు తూట్లు పడ్డయి. అమ్మ ఏమనలె. నాకే మనసున పట్టలె.

ఆఖరికి ఉస్తాదే కట్టిచ్చిండు. ఐదు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు. తన దుకాణంల పాత సెట్టుకు పెట్టి సూస్తే పాట కింద గుయ్యిమని తుమ్మెద మోత. డయోడ్లు కరెంటును ఒక్క దిక్కు తిప్పినయి గని సదును చెయ్యలె. చాయ గ్లాసంత కండెన్సర్ పెట్టంగనే మోత అణిగింది. సంబురంతోని మా సెట్టు తగిలియ్యబోతే చెయ్యి పట్టి ఆపిండు. మీటర్ పెట్టి సూపిచ్చిండు: 12 అని రాసున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద 16! ఊగే కరెంటు ఎక్కే ఎత్తు దగ్గర దగ్గర 17 దాక ఉంటదట, కండెన్సర్ పట్టుకునేది ఆ ఎత్తునే. ఇంజిను నడిచినప్పుడు కారుల 14 దాక వస్తది, సెట్టు దానికే తట్టుకుంటది. అందుకని 3055 నంబరు ట్రాన్సిస్టర్‌ను మందపు అల్యూమినియం రేకుకు బిగించి వోల్టేజీకి కళ్లెం ఏసిండు. గంట పాట ఇంటే ఆ రేకు చెయ్యి కాలేటట్టు అయ్యేది.

స్పీకర్లకు డబ్బాలు కొనే పైసలు లేవు. కుమ్మరోళ్ల ఇంటికాంచి రెండు కుండలు తెచ్చి మూతుల మీద కూసోబెట్టినం. అంబాసిడర్ల ఎన్నడు ఇనని డోలు దెబ్బ గుండెల దాక వచ్చింది. అమ్మ ఒక కుండ మీద అరచెయ్యి ఆనిచ్చి ఇన్నది. పాట ఐపోయినంక గూడ చెయ్యి తియ్యలె.

నీ సెట్టుకు మూడు తీగెలున్నయి. పసుపుది టైము, స్టేషన్లు యాదిల పెట్టుకునేందుకు, ఎర్రది తాళం తిప్పితె వచ్చే కరెంటుది. ఆ రెండూ కలిపి ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. ఇప్పుడు 12 వోల్టుల, 10 ఆంపియర్ల సప్లై తయారుగనే దొరుకుతది, అదే తెచ్చుకో. ప్లస్ తీగెకు ఫ్యూజు మరువకు, 230 దిక్కు తీగె ఒక్క పోగు గూడ బయటికి కనపడొద్దు.

అటక మీద గోనె సంచుల ఎనుక ఆ కుండలున్నయి. ఒకదాని అంచు జర పగిలింది. నిచ్చెన నేను పట్టుకుంట, పైలంగ దించు.