మజిలీ, సత్రము, పూటకూళ్ల యిల్లు

బాటసారికి కావలసినవి మూడు: పట్టెడన్నము, తల దాచుకొనుటకు తావు, ముందున్న దారిని గూర్చి నాలుగు మాటలు. ఈ మూడును ఒక్కచోట దొరకుటచేతనే లోకములోని కథలు పెక్కు బసలలో మొదలైనవి.

నేటి మన పిల్లలలో కొందరు బల్ల చుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు, తలకొక పాత్రను ధరించి కథ అల్లుకొను ఆట ఆడుచున్నారు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఇట్టి ఆటలకు మూలము. అందు కథ తరచుగా ఏదో ఒక సత్రములోనో పానశాలలోనో మొదలగును. కారణము స్పష్టమే. ఒకరినొకరు ఎరుగని నలుగురు వీరులను ఒకచోట చేర్చవలెను. వారి చెవిని ఊరి వార్త వేయవలెను. దెబ్బలు తిని వచ్చిననాడు విశ్రాంతి నీయవలెను. ఆట నడపువానికి ఇంతకంటె అనువైన తావు లేదు.

ఇది క్రొత్తగా కనిపెట్టినది కాదు. 14వ శతాబ్ది చివర ఆంగ్లకవి చాసర్ తన యాత్రికులను లండన్ చెంతనున్న టబార్డు సత్రమున చేర్చి, పిదపనే కథలు చెప్పించెను. మనకును మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఉన్నవి. కాశికి నడచుచున్న యతి, వెంట వచ్చిన పసులకాపరి పిల్లవానికి మజిలీకొక కథ చెప్పుటయే అందలి ఏర్పాటు.

మన చరిత్రలో బస రెండు విధములు: వెల పుచ్చుకొనునది, పుచ్చుకొననిది. మొదటిది పూటకూళ్ల యిల్లు. వినుకొండ వల్లభరాయని పేరిట నున్న ‘క్రీడాభిరామము’లో ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధానియైన ఓరుగల్లు వీథులలో తిరుగుదురు. అచ్చట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి వరుసగా చెప్పెను: మేలి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. చదివినవారికి నేటికిని ఆకలి పుట్టును. ఈ వృత్తి దిక్కులేని స్త్రీలకు జీవనాధారము కూడ అయ్యెను. గురజాడవారి ‘కన్యాశుల్కము’లోని పూటకూళ్లమ్మ అట్టి వితంతువే.

రెండవది సత్రము. 1689లో మనుమని పక్షమున మధుర రాజ్యభారము వహించిన నాయక రాణి మంగమ్మ బాటలు వేయించెను, సత్రములు కట్టించెను. మధుర రైలు స్టేషనుకు ఎదురుగానున్న సత్రమునకు ఆమె పేరే నిలిచినది. యానామునకు దూరము కాని కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చువారికి వేళ చూడక అన్నము పెట్టిరి. రాణి చేసినది రాజ్యబలముతో; ఈ గృహిణి చేసినది తన పొయ్యి బలముతో.

బస విలువ తెలియవలెనన్నచో ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదువవలెను. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. ఏ ఊర దిగుటకు తావు గలదో, నీరెట్టిదో, అంగళ్లలో ఏమి దొరకునో మజిలీ మజిలీకి వ్రాసికొనిరి. అవి వెనుక వచ్చువారికి దారి చూపిన వ్రాతలు.

అయితే ఒక్క మాట దాచరాదు. పలు సత్రములలో అన్నమునకు వెల లేదు గాని, పంక్తికి కులము ఉండెను. కొందరికి లోపల విస్తరి, కొందరికి వెలుపలి అరుగు, కొందరికి అదియును లేదు. పిల్లల ఆటలోని బసలో రొక్కమున్న ప్రతివానికిని ఒకే బల్లపై చోటుండును. మన సత్రపు దానగుణమును, ఆ బల్ల సమత్వమును ఒక్కచోట చేర్చగలిగిననాడే బస పరిపూర్ణమగును.

1856లో చెన్నపట్టణమునుండి రైలు నడచెను. ఆ పిమ్మట నడక మజిలీలు ఒక్కొక్కటిగా తరిగినవి. కాని ఊరు కాని ఊరిలో దిగినవానికి కావలసిన ఆ మూడును తరుగలేదు. బరంపురములోనైనను, బళ్లారిలోనైనను, మధురలోనైనను మన సంఘభవనము తలుపు తట్టినవానిని కులము అడుగక, “ఏ ఊరు నాయనా, భోజనమైనదా?” అని తెలుగున పలుకరించినచో చాలును. మన పెద్దల సత్రము మూతపడలేదనియే మేము తలంతుము.