రాజాం ఏ జిల్లా? మెర్జ్ పేచీల పుట్టుపూర్వోత్తరాలు

2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలదీ అదే దారి. పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది. మండలాల జాబితా పెట్టుకున్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ వరుసలు దిద్దక తప్పలేదు.

అలాంటి ఒక ఫైల్లో 'రాజం, శ్రీకాకుళం' అని ఉందనుకోండి. ఎవరో దీర్ఘం మరిచారు. ఒకరు ఆ దీర్ఘం పెట్టి 'రాజాం, శ్రీకాకుళం' చేశారు. అదే వేళకు ఇంకొకరు తమ కాపీలో జిల్లా మార్చి 'రాజం, విజయనగరం' చేశారు. ఇద్దరి పనీ కలపబోతే, ఫైళ్లలో మార్పుల లెక్క చూసే గిట్ అనే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. ఇదే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్. తెరమీద ఆ రెండు వరుసలే కనిపిస్తాయి. మొదటిది ఉంచితే జిల్లా తప్పు, రెండోది ఉంచితే ఊరి పేరు తప్పు. అసలు వరుస కూడా కళ్ల ముందుంటే మాత్రం చిక్కేమీ లేదు. ఒకరు పేరునే దిద్దారు, రెండోవారు జిల్లానే దిద్దారు, కాబట్టి కావలసింది 'రాజాం, విజయనగరం'.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో మొదట్లో ఈ పేచీ వచ్చేదే కాదు, ఎందుకంటే ఇద్దరు ఒకేసారి దిద్దడానికే వీలుండేది కాదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్‌ది తాళం పద్ధతి. ఫైలు ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్లు ఆగాలి. 1982లో వాల్టర్ టిషీ తెచ్చిన ఆర్‌సీఎస్ కూడా ముఖ్యంగా తాళాన్నే నమ్ముకుంది. తాళం వేసినాయన సెలవు మీద వెళ్తే ఇక అంతే సంగతులు.

తాళం తీయించింది సిద్ధాంతం కాదు, టైమ్ కుదరకపోవడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి సీ కంపైలర్ రాస్తున్నాడు. ఒక విద్యార్థి ఠంచనుగా తొమ్మిది నుంచి అయిదు దాకా పనిచేసే రకం. రెండో అతనికి వేళాపాళా లేదు. గ్రూన్‌కేమో సాయంత్రాలు తప్ప తీరిక లేదు. ముగ్గురూ ఎవరి కాపీ వాళ్లు దిద్దుకుని తర్వాత కలుపుకునేలా ఆయన కొన్ని స్క్రిప్టులు రాసుకున్నాడు. 1986లో వాటిని లోకానికి పంచిపెట్టాడు. అదే సీవీఎస్.

కలిపే కిటుకు అప్పటికే ఉంది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో డిఫ్3 అనే పనిముట్టు ఉండేది. అది రెండు కాపీలతో పాటు వాటికి మూలమైన ఫైలునూ చూస్తుంది. ఒక వరుసను ఒక్కరే మార్చితే ఆ మార్పు తీసుకుంటుంది. ఇద్దరూ ఒకేలా మార్చినా సరే. వేర్వేరుగా మార్చితే మాత్రం మనిషికి వదిలేస్తుంది. దానికి వరుసే లెక్క. వరుసలో సగం పేరు, సగం జిల్లా అన్న సంగతి దానికి పట్టదు. మన రాజాం అక్కడే ఇరుక్కుంది. తెలుగు వికీపీడియాలో ఇద్దరు ఒకే వ్యాసాన్ని ఒకేసారి దిద్దినప్పుడు తెర వెనక సర్దేదీ ఈ డిఫ్3యే.

ఇంతగా వాడే పద్ధతిని గణితపరంగా నిగ్గు తేల్చిన ప్రసిద్ధ పత్రం 2007లోగానీ రాలేదు. దూరదూరంగా ఉన్న మార్పులు ఎప్పుడూ గొడవపడవని అందరం అనుకుంటాం. అది అన్నివేళలా నిజం కాదని సంజీవ్ ఖన్నా, కేశవ్ కునాల్, బెంజమిన్ పియర్స్ ఢిల్లీలో ఒక సదస్సుకు ఇచ్చిన ఆ పత్రంలో చూపించారు.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. కంప్యూటర్ మూలాన్ని చూసే తీర్పు చెబుతుంది. తనకు తేలకపోతే మాత్రం మూలాన్ని దాచేసి, మిగిలిన రెండే మనిషి ముందు పెడుతుంది! 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌కూ ఈ అలవాటే వచ్చింది. 2008లో మూలాన్ని కూడా చూపించే సెట్టింగు చేర్చారు. 2022 జనవరిలో, అంటే మన జిల్లాలు మారడానికి కాస్త ముందు, దాన్నే మెరుగుపరిచి జెడ్‌డిఫ్3 అన్నారు. రెండు పక్కలా మొదట్లోనో చివర్లోనో ఒకేలా ఉన్న వరుసలను ఇది పేచీలోంచి బయటికి తీసేస్తుంది. గిట్‌లోనే ఉన్న రెరెరె అనే సదుపాయం ఒకసారి తీర్చిన తగవును గుర్తుపెట్టుకుని, అదే మళ్లీ వస్తే తానే తీరుస్తుంది. ఎలైజా న్యూరెన్ రాసిన, 2021లో గిట్‌లో చేరిన ఓఆర్‌టీ అనే పద్ధతి కలిపే పనిని బాగా వేగవంతం చేసింది. మార్టిన్ వాన్ జ్వైగ్‌బెర్క్ మొదలుపెట్టిన జుజుత్సు అనే సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు వేసింది. పేచీ తీరేదాకా పని ఆపక్కర్లేదు, పేచీని కూడా కమిట్‌లోనే భద్రపరిచి తీరిగ్గా దిద్దుకోవచ్చు.

ఇన్ని వచ్చినా గిట్ ఇప్పటికీ అడిగితే తప్ప మూలం చూపించదు. ఆ పని మీరే చేసుకోవాలి. సెట్టింగుల్లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ (merge.conflictStyle) ఎదురుగా జెడ్‌డిఫ్3 (zdiff3) అని రాయండి. నిమిషం కూడా పట్టదు.